ఎదురు లేని బ్రేకు

కారు కొన్న ప్రతివాడూ అది ఎంత వేగంగా పోగలదని అడుగుతాడు. మా కూర్మనాథం మావయ్య ఒక్కడే అది ఎంత బేగి ఆగగలదని అడిగాడు. బండి నడవడం ఆయన దృష్టిలో ముఖ్యం కాదు. నడవనిదే ఆగడం కుదరదు గనుక, గత్యంతరం లేక నడిపేవాడు.

నేను మద్రాసులో న్యాయశాస్త్రం చదివి, దేశాన్ని ఒక ఏడాదిలో చక్కదిద్ది మరుసటి ఏడాది విశ్రాంతి తీసుకోవాలన్న సంకల్పంతో, వజ్రపుకొత్తూరు దాపునున్న మా ఊరికి తిరిగివచ్చాను. గుమ్మంలో అడుగు పెడుతుండగానే పెరటిలోనుంచి మావయ్య గొంతు వినబడింది.

"సిట్టీ! ఒలే నా బంగారు సిట్టీ!"

తల్లీ తండ్రీ లేని నన్ను పెంచి, ఊరంతా నవ్వుతున్నా లెక్కచేయక చదివించిన మేనమామ ఆయన. చిట్టి నా ముద్దుపేరు. పెట్టె అక్కడే వదిలి పరుగెత్తాను. పెరటిలో ఒక పాత కారు, దాని కింద మావయ్య కాళ్ళు కనిపించాయి.

"వచ్చాను మావయ్యా!"

"నిన్ను కాదే, దీన్ని," అని ఒక చెయ్యి బయటికి వచ్చి వెనక చక్రాన్ని నిమిరింది. "నువ్వు మద్రాసులో కూకున్నావు గదా. నోరు ఊరుకోదు. ఎవుల్నో ఒకల్ని పిలవాల గదే!"

పుట్టినప్పటినుంచి నిరాటంకంగా నా అనుభవంలో ఉన్న పేరును, ఒక నోటీసైనా ఇవ్వకుండా, ఎవరో జమీందారు విసిగి వదిలించుకొన్న నాలుగు చక్రాలదానికి దఖలు పరిచాడన్నమాట. నాకు ఒళ్ళు మండింది. రత్నాలమ్మత్త వంటింట్లోనుంచి నన్ను ఓదార్చింది.

"నీకు పేరొకటే పోనాదమ్మా. నాకు సవితే వొచ్చీసింది."

ఆ కాలపు కార్లకు ముందు చక్రాలకు బ్రేకులుండేవి కావు. ఉన్నవల్లా వెనకవే. చక్రానికి అంటుకొని ఒక ఇనుప డ్రమ్ము, దాని చుట్టూ ఒక పట్టీ; కాలితో తొక్కితే పట్టీ బిగిసి డ్రమ్మును పట్టుకోవాలి. మా ఉద్దానం తీరంలోని ఇసుకకూ సముద్రపు తేమకూ ఆ పట్టీ పట్టుకోవడం మానేసి, డ్రమ్మును మర్యాదగా సాగనంపేది. ఆ మర్యాద మాన్పించడమే మావయ్య జీవితాశయం. మొదట పట్టీకి గేదెతోలు తొడిగాడు. అది వానకు నాని జారింది. తరువాత కొబ్బరిపీచు నేయించి బిగించాడు. అది పొగలు కక్కింది. కారు యజ్ఞం చేస్తోందనుకొని దారిన పోయే బ్రాహ్మడొకాయన నమస్కారం పెట్టి మరీ వెళ్ళాడు.

ప్రతి మార్పుకూ ఒక పరీక్ష ఉండేది. దారి మధ్య ఒక గుమ్మడికాయను నిలిపి, దూరంనుంచి కారు తోలుకొచ్చి, దాన్ని తాకకుండా ఆపాలి. మా ఇంట్లో వంటను నిర్ణయించేది ఈ పరీక్షే. బ్రేకు నెగ్గితే వంకాయ కూర, ఓడితే గుమ్మడికాయ పులుసు. నేను వచ్చిన నాటినుంచి వంకాయ ముఖం చూడలేదు.

"ఈయాల ఏటత్తా?" అని ఇరుగమ్మ గోడ మీదుగా అడిగేది.

"ఏటుంటాది? పగిలిందే!" అనేది అత్త.

ఆపైన జీడిపిక్కల తొక్కునూనె వంతు వచ్చింది. గట్టి నేతపట్టీని ఆ నూనెలో నానబెట్టి కాలిస్తే రాయిలా బిగుస్తుందని మావయ్యకు తోచింది. పట్టీ బిగిసింది. దానితోబాటు చేతులు రెండూ పొక్కిపోయాయి. అత్త అన్నం కలిపి నోటికి ముద్దలు పెడుతుంటే, ఆయన నాకేసి చూసి, "సిట్టి కాళ్ళకి నూనెట్టినారా?" అని అడిగాడు. నేను కాళ్ళు ముడుచుకొన్నాను. ఆయన చూస్తున్నది నన్ను దాటి, పెరటివైపు.

నా పుస్తకాలకు బీరువా చేయిస్తానని తెప్పించిన టేకు చెక్కలు కారు కింద దిమ్మలయ్యాయి. చెక్కలు చాలకపోతే సాక్ష్య చట్టం మీద నా పెద్ద పుస్తకం కూడా వెనక ఇరుసు కిందికి పోయింది.

"మావయ్యా, అది చట్టం!"

"గట్టి సట్టమేనే! ఇంత బరువూ మోత్తంది, సూడు."

ఇవన్నీ నేను క్షమించగలిగేదాన్నే. క్షమించలేనిది మరొకటి ఉండేది. పలాస దారిలో ఎవరైనా వితంతువు ఎదురైతే చాలు, మావయ్య ప్రాణం పోతున్నట్టు బ్రేకు తొక్కేవాడు. కారు ఆగేది కాదు. తాళ్ళతోపు దాటి, గట్టు దాటి, తనకు బుద్ధి పుట్టినచోట నిలిచేది. అప్పుడు దిగి, వచ్చిన దారినే వెనక్కి నడిచి, మొగలిపొదల దగ్గర కాసేపు నిలబడి, ముఖం వేలాడేసుకొని తిరిగివచ్చేవాడు.

వితంతువు ఎదురైతే శకునం చెడుతుందని, కాసేపాగి ప్రయాణం సాగించడం మా వైపు ఆచారం. నాకు తెలియనిది కాదు. కాని నన్ను చదివించిన మనిషి ఆ పని చేయడమా!

"భర్త పోవడం నేరమా మావయ్యా? నేరమే అనుకో. ఏ విచారణ జరిపి శిక్ష వేశారు? దారిలో నడిచే హక్కు..."

ఆయన నా ఉపన్యాసం అంతా శ్రద్ధగా విని, చివరికి ఒక్కటే మాట అనేవాడు. "బ్రేకు సాల్లేదే."

ఇంతలో నాకు తొలి కేసు వచ్చింది. జోగమ్మ అనే కొబ్బరితోట రైతు, భర్త పోయి ఏడాదైంది. ఆ తోట తనదేనంటూ మరిది పెంటయ్య టెక్కలి కోర్టులో దావా వేశాడు. వకీలుకు చెప్పుకొంటే మాట పలచబడుతుందని తానే వాదించుకొనే ఘనుడతడు. జోగమ్మ స్వయంగా బోనెక్కి, ఆ మొక్కలు భర్తతో కలిసి తానే నాటి నీళ్ళు పోశానని చెబితే తోట నిలుస్తుంది. ఆమె రాకపోతే నా వాదన ఎంత గొప్పదైనా తోట పెంటయ్యదే.

విచారణకు ముందురోజు కూడా కారు దిమ్మల మీదే ఉంది. టెక్కలి మిషను కాంపౌండులో కార్లు బాగుచేసే అంద్రెయను మావయ్య పిలిపించాడు. అతడు ఒక పాడైన బస్సునుంచి తీసిన పెద్ద డ్రమ్ములను తెచ్చి, చుట్టూ బిగిసే పట్టీల స్థానంలో లోపలినుంచి ఒత్తే బ్రేకులు అమర్చుతున్నాడు. వాటికి తొడుగు మాత్రం మావయ్య జీడినూనెలో కాల్చినదే.

"రేపు నా తొలి కేసు, మావయ్యా. నాకేం కావాలో ఒక్కసారైనా అడిగావా?"

"ఉండే. అంద్రెయా, సిట్టికింకా ఏటి గావాల?"

"రెండు బోల్టులు చాలండి బాబూ, దేవుడి దయవల్ల."

ఆ బోల్టులంటే నాకు పుట్టిన అసూయను ఏ చట్టంలోనూ నిర్వచించలేదు.

మర్నాడు ఉదయం గుమ్మడికాయ పరీక్షకు వ్యవధి లేదు. అత్త కాయను వెనక సీటులో పెట్టి, "దారిలో సూసుకోండి," అంది. దాని పక్కన నేను కూర్చున్నాను. ముందు సీటులో ఎవరినీ కూర్చోనిచ్చేవాడు కాడు మావయ్య. దారి మలుపు దగ్గర జోగమ్మను ఎక్కించుకోవాలని ఏర్పాటు. ఆమె ఇంకా అక్కడికి చేరలేదు. మలుపు తిరగగానే, నడిదారిలో, మాకు సరిగ్గా ఎదురుగా వస్తూ కనిపించింది.

కారును చూడగానే ఆమె ముఖం పాలిపోయింది. కొంగు ముఖానికి అడ్డం లాక్కొని, ఒక కాలు దారి దించి మొగలిపొదలవైపు వేసింది. సరిగ్గా అప్పుడే మావయ్య బ్రేకు తొక్కాడు.

కారు ఆగింది. జారలేదు, పొగ రాలేదు, తాళ్ళతోపు దాకా పోలేదు. నేనూ గుమ్మడికాయా కలిసి ముందు సీటుకు గుద్దుకొన్నాం. జోగమ్మ పొదలో దూరేలోపల మావయ్య దిగి ఆమె ముందు నిలబడ్డాడు.

"ఎలిపోండి బాబూ!" అంది జోగమ్మ, తల తిప్పకుండా. "మీ గుంట తొలి కేసుకెల్తంది. పాడుముండని, ఎదురొచ్చీసినాను. మీరు సాగితే నాను ఎనకమాల నడిసొత్తాను."

నడిచివస్తే ఆమె టెక్కలి చేరేసరికి తోట పోతుంది.

"ఎదురేటమ్మా?" అన్నాడు మావయ్య నెమ్మదిగా. "నువ్విటొత్తన్నావు, నానటెల్తన్నాను, అందుకే గదా ఎదురు? కారెక్కీసినావనుకో, ఇద్దరం ఒక పక్కకే ఎల్తాం. మరింక ఎదురెక్కడిది?"

జోగమ్మ కొంగు కొంచెం దించింది. నేను నోరు తెరిచాను. మూయడం మరిచాను.

"రోజూ ఇదే మాటండి ఈ బాబు," అంది ఆమె నాతో, నవ్వాపుకొంటూ. "మాలాటోలం కాయలు మోసుకొత్తంటే, కారు సూసి పొదల్లో నక్కీసేవోలం. బండేమో జారిపోయేది. ఆయనేమో ఎనక్కి నడిసొచ్చి, 'ఎక్కండమ్మా, ఎక్కండమ్మా' అని పొదలకి సెప్పీవోడు. మాకా సిగ్గు. ఎవులం పలుకుతాం?"

"పలక్కపోతే నానేటి సేత్తాను?" అన్నాడు మావయ్య. "నక్కకముందే ఆగాల. బ్రేకు సాల్లేదు మరి."

ఆయన జోగమ్మను ఎక్కించాడు. వెనక సీటులో కాదు, ముందు సీటులో, తన పక్కన. నాకెన్నడూ దక్కని ఆ స్థానాన్ని చూసి నాకు మళ్ళీ అసూయ కలిగింది. ఈసారి మాత్రం దాన్ని నా ఒడిలోని గుమ్మడికాయకైనా చెప్పుకోలేదు.

టెక్కలి కోర్టు వాకిట్లో పెంటయ్య స్నానం చేసి, విభూతి పెట్టుకొని, శుభ ఘడియ చూసుకొని లోపలికి అడుగు వేయబోతున్నాడు. మావయ్య కారు సరిగ్గా అతని ముందు, గుమ్మడికాయ దూరంలో ఆగింది. ముందు సీటులోనుంచి జోగమ్మ దిగింది. ఇద్దరూ ఎదురెదురు.

"అరిష్టం!" అని పెంటయ్య వెనక్కి తిరిగాడు.

"ఒరే పెంటయ్యా!" అని మావయ్య ఆప్యాయంగా పిలిచాడు. "నువ్వూ ఎక్కీరా. ఒక సుట్టు తిప్పి దింపుతాను. ఎదురు పోద్ది!"

పెంటయ్య వినలేదు. కాళ్ళు కడుక్కొని శకునం చల్లారేదాకా కూర్చోవాలని నూతివైపు వెళ్ళాడు. లోపల బంట్రోతు అతని పేరు ముమ్మారు పిలిచాడు. ప్రతివాది జోగమ్మ హాజరు. వాది పెంటయ్య గైరుహాజరు. మునసబు గారు దావా కొట్టివేశారు. తిరిగి తెరిపించుకోవాలంటే, ఎందుకు రాలేదో పెంటయ్య ప్రమాణం చేసి చెప్పాలి. వదినగారు ఎదురొచ్చిందని, శకునాలంటే మండిపడే ఆ మునసబు గారి ముందు చెప్పడానికి అతనికి నేటిదాకా ధైర్యం చాలలేదు.

స్త్రీల ఆస్తిహక్కుల మీద నేను తయారుచేసుకొన్న మహోపన్యాసం నా సంచిలోనే మిగిలింది. నా తొలి కేసు గెలిచింది నేను కాదు, వెనక బ్రేకులు. వాటి మీద అసూయ పడకుండా ఉండడానికి నేనేమైనా ఋషినా?

తిరుగుదారిలో జోగమ్మను తోట దగ్గర దింపాక మావయ్య కారాపి, "సిట్టీ!" అన్నాడు.

ఇంకా ఏ బోల్టుకు దాహం వేసిందో అనుకొన్నాను.

"నిన్నేనే! ఇలగొచ్చి నా సోట్లో కూకో. ఎల్లడం నీకు పుట్టుకతో వొచ్చినాది. ఆగడం నాను నేర్పుతాను."

ఆయన దిగి, గుమ్మడికాయను తీసుకెళ్ళి దారి మధ్య నిలబెట్టి, పక్కకు తప్పుకొన్నాడు. నేను చక్రం పట్టుకొన్నాను. నా పేరుగల ఆ రెండోది నా కాలి కింద బుద్ధిగా గురగురలాడింది.

ఆ సాయంత్రం ఇరుగమ్మ గోడ మీదుగా అడిగింది. "ఈయాల ఏటత్తా? కొత్త బ్రేకంట గదా, వంకాయేనా?"

"ఏటుంటాది?" అంది అత్త, నాకేసి చూస్తూ. "పగిలిందే!"