ఊపిరాడని గోడ

ఆడబిడ్డ అర్ధమొగుడని ఊరికే అనలేదు. మా వదిన ఏ పని చేసినా ఒక మాట అనకపోతే నాకు తోచదు. ఆమె మట్టితో ఇల్లు కడతానన్న రోజైతే ఒక్క మాటతో సరిపెట్టలేకపోయాను.

మా వదిన తాపీమేస్త్రి. ఆడదానికి తాపీ ఏమిటని నవ్వినవాళ్ల ఇళ్లకే గోడలు కట్టిపెట్టిన మనిషి. ఆ ఏడు కాలం బాగాలేదు. కట్టే మేడలు స్తంభాల దగ్గరే ఆగిపోయాయి. మా అన్నయ్య పనిచేసే పెంకుల ఫ్యాక్టరీ మూతపడింది. సిమెంటు, ఇటుకల ధరలు ఆకాశాన్నంటాయి. అందరూ చేతులు ముడుచుకుని కూర్చుంటే, వదిన వీధి చివర తమకున్న కాస్త స్థలంలో పునాది తవ్వించి, పైకొచ్చిన మట్టిని గుప్పిట్లో నలిపి చూసింది. “ఇటుకలు కాళ్ల కిందే ఉంటే కొట్టుకు వెళ్లి కొనడం దేనికి?” అంది.

చేత్తో నొక్కే యంత్రం ఒకటి అద్దెకు తెచ్చింది. మట్టిలో ఇసుక, కాస్త సున్నం కలిపి ఇటుకలు అచ్చుకొట్టించి నీడన ఆరబెట్టింది. బట్టీ లేదు, కట్టెలు లేవు, లారీ బాడుగ లేదు. కూల్చేస్తున్న ఒక పాత ఆఫీసు నుంచి తలుపులు, కిటికీలు బేరమాడి తెచ్చింది. కూలికి అన్నయ్యతో పాటు పని పోయినవాళ్లనే పిలిచింది. కొట్టువాడికి పోయే డబ్బు మనుషుల చేతికి పోతుందని ఆమె వాదన. వాన నేరుగా గోడను కొట్టకుండా చూరు బాగా ముందుకు దించింది, కప్పు మీద పడే నీళ్లకు పెరట్లో తొట్టి కట్టింది. గాలి కిటికీలోంచి వచ్చి ఎదుటి గోడ పైనున్న కంతల్లోంచి పోతుంటే, మిట్టమధ్యాహ్నం కూడా ఆ ఇంట్లో ఫ్యాను వేయబుద్ధి కాదు. ఆ మాట ఒప్పుకోవడానికి నాకు కొన్నాళ్లు పట్టింది.

వీధివాళ్లు మాత్రం దానికి ‘పుట్ట’ అని పేరు పెట్టారు. పుట్టలోకి పాములెప్పుడు దిగుతున్నాయని పాలవాడు కూడా అడిగాడు. వదిన నవ్వేసి ఊరుకునేది, అన్నయ్యకు తల కొట్టేసినట్టుండేది.

ధరలకు భయపడి ఇల్లు మధ్యలో ఆపేసిన బడి మాస్టారు ఒకాయన అంతా చూసి, ఒక్క వానకాలం ఈ గోడలు నిలబడితే తన ఇల్లు కట్టే పని వదినకే అప్పజెబుతానన్నారు. ఆయన కట్టిస్తే కట్టించుకుందామని వెనక ఇంకొందరు చూస్తున్నారు. గోడలు జారితే ఆలుమగలిద్దరికీ ఇక పని లేనట్టే.

అలాంటి సమయంలో వదిన చెల్లెలి పురిటికి వెళ్లింది. తిరిగొచ్చేసరికి అన్నయ్య వీధివైపు గోడకు దట్టంగా సిమెంటు పూసి, రంగు కూడా వేసేశాడు. నిగనిగలాడేదే గట్టిదని పెంకుల ఫ్యాక్టరీ మనిషి నమ్మకం. వదిన గోడ మీద చెయ్యి పెట్టి, “సున్నమూ మట్టీ కలిపి పల్చగా పూద్దామనుకున్నానండీ” అని మాత్రం అంది. ఎదురుగా ఆయన బహుమతి గెలిచిన బడిపిల్లాడిలా నిలబడి ఉంటే కొట్టేయమని చెప్పడానికి ఆమెకు మనసొప్పలేదు. నాకైతే అన్నయ్య మీద ఒళ్లు మండిపోయింది.

వానలు మొదలయ్యాయి. వదిన సున్నమూ మట్టీ పూసిన మిగతా మూడు గోడలూ జల్లుకు తడిసేవి, ఆరేవి. వీధిగోడ మీది సిమెంటు సన్నగా బీటలిచ్చింది. అందులోంచి నీళ్లు లోపలికి పోయాయి కానీ బయటికొచ్చే దారి లేకపోయింది. గదిలో గోడ నల్లబడింది, బయట పూత ఉబ్బింది. సరిగ్గా అప్పుడే, మర్నాడు చూడటానికి వస్తున్నానని మాస్టారు కబురు పంపారు.

అన్నయ్య ఆ చెమ్మకు బీరువా అడ్డం పెడదామన్నాడు.

“ఎన్నాళ్లు పెడతాం? మాస్టారింటికి కూడా ఒక బీరువా పంపిద్దామా?” అంది వదిన. సుత్తి, ఉలి తెచ్చి ఆయన చేతిలో పెట్టి, మాస్టారు వచ్చాకే మొదలుపెట్టమంది.

పొద్దున మాస్టారి కళ్లముందే అన్నయ్య పూత ఊడగొట్టాడు. పెళ్లలు పెళ్లలుగా రాలింది. వెనకాల మట్టి తడిగా ఉంది కానీ ఒక్క ఇటుకా కదల్లేదు. వదిన మాస్టారి చేత ఆ గోడ ముట్టించి, పక్కగోడ కూడా ముట్టించింది. అది పొడిగా ఉంది.

“రెండూ ఒకే మట్టి మాస్టారూ. దీనికి ఊపిరాడనివ్వలేదు, అంతే. ఇప్పుడు ఆరిపోతుంది.”

ఈ సిమెంటు ఎవరు పూశారని ఆయన అడిగారు.

“మేస్త్రిని నేనేగా. నా గోడే, నా తప్పే” అంది వదిన.

సుత్తి చప్పుడు ఆగింది. పుట్టి బుద్ధెరిగి తప్పొప్పుకోని మా అన్నయ్య వెనక్కి తిరిగాడు. “తనకేం తెలీదండీ. ఊళ్లో లేనప్పుడు నేనే పూశా. నలుగురూ నవ్వుతున్నారని.”

మాస్టారు ఆ తడిగోడ మీద ఇంకోసారి చెయ్యి పెట్టి చూసి, తన స్థలంలో మట్టి పరీక్షకు ఎప్పుడొస్తావమ్మా అని అడిగారు.

ఇప్పుడు వదిన చేతిలో తీరిక లేనన్ని ఇళ్లున్నాయి. ఫ్యాక్టరీ మళ్లీ తెరిచినా అన్నయ్య వెళ్లలేదు. అప్పట్లో వీధిగోడ ఆరాక వదిన దానికి సున్నం పూస్తుంటే, ఉలి గాట్లున్న చోట జానెడు మేర వదిలేయమని ఆయనే అడిగాడు. ఇల్లు చూడటానికి ఎవరొచ్చినా ముందు అక్కడికే తీసుకెళతాడు.

“ఇక్కడ చెయ్యి పెట్టి చూడండి. పాడుచేసింది నేను. అయినా పడలేదు. కట్టింది మా ఆవిడ.”