మల్సున్ అక్క అడిగిన గొషిగి

దేశానికి దక్షిణ కొసన, మొక్పో రేవు వెనక వీధిలో మల్సున్ అక్క పార్లర్, దాని పక్కనే నా దుప్పట్ల కొట్టు. మధ్యనున్నది పలచటి గోడ. ఆమె నవ్విందంటే నా కొట్లో మడతపెట్టిన బొంతలు కూడా కదిలినట్టుంటుంది. ఇంటిపేరు ప్యో, కానీ ఆ పేరుతో ఎవరూ పిలవరు. నెత్తి నిండా చుట్టలు చుట్టించుకుని, వేడి టోపీ కింద కూర్చుని, చిలగడదుంపలు ఒలుచుకు తినే ఆడవాళ్ళందరికీ ఆమె మల్సున్ అక్కే.

అక్క షేర్లలోకి దిగింది లాభం కోసం కాదు, విశ్వాసం కొద్దీ. ఒకప్పుడు ఎవరో చెబితే పార్లర్ ఫొటో గిల్‌జాబిలో పెట్టింది. అప్పట్లో మా దేశంలో ఎవరికి ఏది కావాలన్నా ఫోన్లో వెతికేది మా వాళ్ళే పెట్టిన ఆ గిల్‌జాబిలోనే. చేపలు తినడానికి సియోల్ నుంచి వచ్చినవాళ్ళు అందులో చూసి పార్లర్‌కీ రావడం మొదలుపెట్టారు. "నాకు అన్నం పెట్టినోడి గాదెలో నావీ నాలుగు గింజలుండాల" అని అక్క ఆ కంపెనీ షేర్లు కొంది.

మా ఫోన్లలో షేరు పెరిగితే ఎరుపు, అది పండగ; పడితే నీలం, అది ఏడుపు. గిల్‌జాబి చాలాకాలం ఎర్రగా వెలిగింది. తర్వాత నీలంలోకి జారింది. జారినప్పుడల్లా అక్క మరికొన్ని కొనేది. దీన్ని మా చీమలు, అంటే చిన్న మదుపరులు, నీళ్ళు కలపడం అంటారు. కలిపీ కలిపీ చివరికి మొగుడూ పెళ్ళాల ముసలితనానికి దాచిన సొమ్మంతా ఆ ఒక్క కుండలోకే చేరింది.

భయం మాత్రం ఓ మాటతో పట్టుకుంది. కొత్తగా వచ్చే ప్రతి మనిషినీ "మా పార్లర్ ఎట్టా తెలిసింది?" అని అడగడం అక్కకు అలవాటు. ఎప్పుడూ "గిల్‌జాబిలో చూశాం" అనేవాళ్ళు. ఓ రోజు ఒకమ్మాయి "ఏఐని అడిగితే మీ పేరు చెప్పింది" అంది. అక్క చేతిలో దువ్వెన ఆగిపోయింది.

"ఏ ఏఐ? మనోళ్ళదా?"

"కాదాంటీ, అమెరికా వాళ్ళది."

ఆ సాయంత్రం పార్లర్‌లో ఆ అమెరికా ఏఐకి పెద్ద పరీక్షే జరిగింది. చేపలమ్మే యంగ్‌నే వదిన ఫోను ముందుకు వంగి, "మా అల్లుడొస్తన్నాడు, ఆ గొషిగిని కాస్త గొషిగి చేసి గొషిగిగా పెడదామనుకుంటన్నా, ఎట్టా?" అని అడిగింది. గొషిగి లేకుండా మా వైపు మాట ముందుకు నడవదు. పేరు నోటికి రానిదీ గొషిగే, పేరు చెప్పనక్కర్లేనిదీ గొషిగే. అమెరికా యంత్రం ఎంతో మర్యాదగా, ఆ మాట ఏ ప్రాంతానిదో, వాక్యంలో ఎక్కడెక్కడ వస్తుందో పేజీడు చెప్పింది.

"కూర అడిగితే వ్యాకరణం వడ్డించిందే!" అంది వదిన. వేడి టోపీలు ఊగిపోయేలా అందరూ నవ్వారు. అక్క మాత్రం నవ్వలేదు. "రేపు నేర్చుకుంటదిలే" అంది.

అక్క భర్త తెబోక్ బావ పడవ ఇంజన్లు బాగుచేస్తాడు. చెడిన ఇంజనుకు నూనె పోస్తూ కూర్చునే రకం కాదు. "అమ్మెయ్యవే. మునిగే పడవలో నీళ్ళు తోడతా కూచుంటావా?"

"మార్చిలో వాటాదార్ల సభ ఉంది. కొత్తగా మనోళ్ళ ఏఐని చూపిస్తారంట. నా కళ్ళతో చూసొస్తా. నచ్చకపోతే ఆ రోజే, మార్కెట్ మూసేలోపు అమ్మేస్తా."

"మాటేనా?"

"మాటే."

తోడుకు నన్ను లాక్కెళ్ళింది. రైల్లో ఉడికిన గుడ్లు ఒలుస్తూనే ఉంది, ఒక్కటీ తినలేదు. "చెల్లే, నా గుండె చూడు, పెళ్ళినాడు కూడా ఇట్టా కొట్టుకోలా" అంది.

సభలో తెర మీద పెద్ద పెద్ద బొమ్మలు వేశారు. అధ్యక్షుడు చక్కటి సియోల్ యాసలో మాట్లాడాడు. కొత్త సహాయకుణ్ణి ఎవరైనా ఏదైనా అడగొచ్చన్నాడు. ఆ మాట పూర్తికాకముందే అక్క లేచింది. మైకు అందుకుని, గొంతు సవరించుకుని, వదిన ప్రశ్నను మూడు గొషిగిలతో సహా అప్పజెప్పింది. హాలంతా గొల్లున నవ్వింది. ముందు వరసలో ఎవరో "ఇక చెప్పినట్టే!" అన్నారు.

స్పీకర్లలోంచి యంత్రం గొంతు ఇలా వినిపించింది: "అమ్మగారూ, మీ మాట తీరు చూస్తే, అల్లుడికి పెట్టేది పులియబెట్టిన టేకుచేప అనుకుంటున్నాను. ఎంత ఘాటుగా పులియాలో చెప్పే ముందు ఒక్క మాట. మీ అల్లుడిది ఏ ఊరు?"

నవ్వు ఠక్కున ఆగింది. హాల్లో ఉన్న మా దక్షిణాది వాళ్ళంతా చప్పట్లు మొదలుపెట్టారు. మా వైపు విందంటే ముక్కు అదిరేలా పులిసిన ఆ చేపే, కానీ పై ఊళ్ళవాడికి ఆ ఘాటు పెడితే అల్లుడు మళ్ళీ గడప తొక్కడు. మా వైపు ఏ తల్లయినా ముందు అడిగేది ఆ ప్రశ్నే. అక్క నా భుజం పట్టుకుని ఊపేసింది. "తిరిగి అడిగింది చూశావా! తెలియందాన్ని తిరిగి అడిగింది!"

మైకు మాత్రం వదల్లేదు. "అయ్యా, మీ బిడ్డ బంగారం. ఒక్క సంగతి చెప్పండి. జవాబు ఇట్టా నోట్లో పెడితే, ఇక కింద ప్రకటనలు ఎవరు నొక్కుతారు? డబ్బు యాడనుంచి వస్తది?"

"చాలా మంచి ప్రశ్నండి. దీర్ఘకాలంలో, వివిధ మార్గాల సమన్వయంతో, మేము నిశితంగా పరిశీలిస్తూ..." అంటూ సాగదీశాడు అధ్యక్షుడు.

అక్క కూర్చుంది. "యంత్రం తెలియకపోతే అడిగింది. ఈయన తెలియకపోతే మాటలు చుడతన్నాడు" అని నా చెవిలో అంది.

బయట మెట్ల మీద కూర్చుని ఫోను తీసింది. మార్కెట్ మూయడానికి ఇంకా వ్యవధి ఉంది. ధర నీలంగానే ఉంది. కాసేపు చూసి, చూపుడువేలితో రెండుసార్లు నొక్కింది. స్పీకర్ పెట్టి బావకు ఫోను చేసింది.

"సగం అమ్మేశా."

"సగమేంది? నచ్చిందా, నచ్చలేదా?"

"యంత్రం నచ్చింది. దాని యజమాని లెక్క నచ్చలా. అమ్మిన సగం మన ముసలితనానికి. దాని జోలికి ఇంక నేనూ పోను, నువ్వూ పోవద్దు."

"మిగతా సగం?"

"అది నాది. పోతే పోయింది. ఏమవుద్దో చూడాలయ్యా! ఇంత తమాషా జరగతంటే టికెట్టు చింపుకుని ఇంటికొస్తానా?"

అవతల ఏదో ఇనుప సామాను కింద పడిన చప్పుడైంది. బావ నవ్వుతున్నాడో తిడుతున్నాడో నాకు అర్థం కాలేదు. "నష్టానికే అమ్మావు గదా?" అన్నాడు చివరికి.

"నష్టానికే. నిన్నటిదాకా రాత్రిళ్ళు నిద్రలేదు, దాని ఖరీదు ఎంతో నువ్వే లెక్క కట్టు" అని ఫోను పెట్టేసి, ఆకలేస్తోందంటూ రైల్లో ఒలిచిన గుడ్లన్నీ నా చేతిలోంచి లాక్కుంది.