నీళ్ళకు కాపలా

ఉప్పళంలో మా ఇల్లు సన్నగా, పొడుగ్గా ఉంటుంది. వీధి గుమ్మంలో నిలబడి చూస్తే నేరుగా పెరటి బావి గట్టు కనబడుతుంది. రెండు పక్కల ఇళ్ళవాళ్ళూ మేడలు లేపాక ఆ బావిలో ఎండ పడటం మానేసింది. మధ్యాహ్నం కాసేపు లోపలి గోడ మీద ఒక వెలుగు ముక్క పడి, నీళ్ళ దాకా దిగకుండానే వెళ్ళిపోయేది. ఆ నీళ్ళలో ఒక తాబేలు ఉండేది.

అది ఎప్పటిదో నాకు సరిగా తెలియదు. తాను కాపురానికి వచ్చిన కొత్తలో తాత తెచ్చి వేశాడని అవ్వ చెప్పేది. మధ్యలో ఒకటి చచ్చిపోయిందనీ ఇది వేరేదనీ నాన్న గొంతు తగ్గించి చెప్పేవాడు. అవ్వ ముందు మాత్రం ఆ మాట ఎత్తేవాడు కాదు.

శుక్రవారం పొద్దున్నే అవ్వ అన్నం ముద్ద చేసి గట్టు మీద వంగి, నాలుకతో టక్కుటక్కుమని చప్పుడు చేసేది. "రా తల్లీ, రా." నల్లటి నీళ్ళలో ఏదో కదిలేది. కాసేపటికి సన్నటి ముక్కు బయటికి వచ్చేది. అవ్వ దాన్ని పరీక్షగా చూసి, ముద్ద వేసి, ఆ తరవాతే చేద దించేది. మేమంతా క్యాన్ నీళ్ళకు మారినా తను మాత్రం బావి నీళ్ళే తాగేది. చిన్నప్పుడు నేను ఆ చూపును ప్రేమ అనుకున్నాను. పెద్దయ్యాక అనుమానం వచ్చింది. ప్రేమగా చూసే మనిషి అంత సేపు కనుబొమలు ముడిచి చూడదు.

నీళ్ళు ఉప్పుబారిపోవడంతో నాన్న బావి మూసేద్దామనుకున్నాడు. కొళాయి నీళ్ళు నిలవ చేసుకోవడానికి ఇంటి ముందు వరండాలో సిమెంటు తొట్టి కట్టించి, పైన ఇనప మూత పెట్టించాడు. అది ఆరుతుండగా బావి సంగతి చూడమని మేస్త్రీని పెరట్లోకి తీసుకెళ్ళాడు. మేస్త్రీ లోపలికి టార్చి వేసి, నవ్వి, ఫోను తీసి ఫోటో కొట్టాడు.

"ఏం సార్, కూరకు పెంచతా ఉండారా?"

నాన్న నవ్వలేదు. ఫోటో తీసేసేదాకా పక్కనే నిలబడ్డాడు. "తీసేసినవి ఫోన్లోనే ఇంకో చోట ఉంటాయంట కదా, ఆడ కూడా తీసెయ్యప్పా," అన్నాడు.

నాన్నకు ఆ భయం పట్టించింది నేనే. తమిళ ఊళ్ళో పుట్టి పెరిగినవాళ్ళం, మా ఇంట్లో అందరూ తెలుగు మాట్లాడతారు గానీ చదవడం నాకొక్కదానికే వచ్చు. నేనేం చదువుతున్నానో ఎవరికీ అంతుపట్టకపోవడం నాకు హాయిగా ఉండేది. గ్రంథాలయం నుంచి తెచ్చుకున్న ఒక పుస్తకంలో మా బావిలో ఉన్నలాంటి తాబేలు బొమ్మ కనబడింది. తోలులాంటి చిప్ప, కొన తేలిన ముక్కు, కాళ్ళు లోపలికి లాక్కున్నాక వాటిని కప్పేసే మడతలు. లోతు తక్కువ చెరువుల్లో, కాలవల్లో ఉంటుందట. గట్టెక్కి ఎండ కాచుకుంటుందట. నీళ్ళు ఇంకిపోతే బురదలో దూరి వానకోసం ఆగుతుందట. గట్టు మట్టి తవ్వి గుడ్లు పెడుతుందట. ఆ పుస్తకం పట్టుకుని వెళ్ళి బావిలోకి చూశాను. లోపల ఎక్కడానికి గట్టు లేదు, బురద లేదు, ఎండ లేదు. ఉన్నదల్లా గుండ్రటి గోడ.

ఇలాంటి వాటిని ఇంట్లో ఉంచుకోవడం నేరమని చివర్లో రాసి ఉంది. నాన్నకు ముందు అదే చెప్పాను. అదైతేనే వింటాడని తెలుసు. నాన్నది గవర్నమెంటు ఉద్యోగం.

"ఈ సంగతి యాడన్నా చెప్పినావా?"

"లేదు నాయనా."

"ఫోన్లో ఎవరికన్నా రాసినావా?"

"లేదు."

డైరీలో రాశాను. అది అడగలేదు కనక చెప్పలేదు.

మేస్త్రీ ఒక దారి చూపించాడు. పైన స్లాబు వేసేస్తే చాలు, లోపల ఏముందో ఎవరికి తెలుస్తుందన్నాడు. నాన్న వెంటనే కాదనలేదు. ఆ రెండు క్షణాలు నాకు చాలా భయం వేసింది. అమ్మ "పాపం కదా," అంది. అటవీ శాఖ ఆఫీసులో ఇచ్చేద్దామని నేను గోడ వైపు చూస్తూ అన్నాను. అందరం అవ్వ వైపు తిరిగాం.

"సరే. తీసకపోండి," అంది అవ్వ.

అరిగిపోయిన చీపురు పారేయాలన్నా మాతో పోట్లాడే మనిషి! ఆమె అంత తొందరగా ఒప్పుకోవడం నాకు మింగుడుపడలేదు. శనివారం నాన్నకు సెలవు కాబట్టి ఆ రోజు వెళ్దామని అనుకున్నాం.

మా వీధికి వీరాంపట్టినం నుంచి చేపలు తెచ్చే ఆమె ఉంది. మేమంతా చేపలక్క అంటాం. ఎప్పుడూ గుమ్మం దగ్గరే గంప దించే ఆమె, ఆ వారం పెరట్లోకి వచ్చి అవ్వ పక్కన గొంతుక్కూర్చుంది. నేను వంటింటి కిటికీ వెనక ఉన్నాను. వాళ్ళు తమిళంలో గుసగుసలాడుకుంటున్నారు.

"మావాడికి తెలీకూడదు," అంటోంది అవ్వ. "ప్రాణంతో ఉండాల. అది ముఖ్యం."

చేపలక్క బావి వైపు చూసింది. "పెద్దదైతే కష్టం అవ్వా. ఎవరన్నా చూస్తే నా గతేంది?"

"గంపలో పెట్టి పైన చేపలు కప్పుకో. ఎవరు చూస్తారు?"

తాబేలు మాంసం మూలవ్యాధికి మందని నమ్మేవాళ్ళు ఉన్నారని నాకు తెలుసు. శనివారం లోపలే దాన్ని గంపలోకి ఎక్కిస్తారని నిశ్చయించుకున్నాను. ఎవరితోనైనా చెప్పాలంటే నోరు పెగలదు. అందుకని పుస్తకం తీసుకుని బావి దగ్గరే కూర్చోవడం మొదలుపెట్టాను.

అవ్వ నన్ను రెండు రోజులు చూసి ఊరుకుంది.

"ఏందిమే, బావికాడ కాపురం పెట్టినావే?"

"చదవకుంటా ఉండానవ్వా."

"ఆ పుస్తకంలో ఏముండాదో దేవుడికెరక. నువ్వు చూస్తా ఉండేది నన్ను."

"నువ్వూ నన్నే చూస్తా ఉండావు కదా."

"నేను ముసిల్దాన్ని, నాకేం పని. వయసు పిల్లవి, నీకేం?" అని విసుక్కుంటూ లోపలికి వెళ్ళింది. గుమ్మం దాటాక ఒకసారి వెనక్కి తిరిగి చూసింది. నేనూ చూశాను.

శుక్రవారం చేపలక్క అసలు రాలేదు. అది నా అనుమానాన్ని తగ్గించలేదు. ఎక్కువ చేసింది.

శనివారం పొద్దున అవ్వే గట్టు మీద వంగి టక్కుటక్కుమంది. తాబేలు పైకి వచ్చింది. నీళ్ళలో ముందే దించి పెట్టిన వెదురు బుట్టను మేస్త్రీ నెమ్మదిగా లాగాడు. దాన్ని మొత్తంగా చూడటం నాకదే మొదటిసారి. వీపు నిండా పాచి. కడుపు పాలిపోయి ఉంది. కళ్ళు గట్టిగా మూసుకుని, కాళ్ళూ తలా లోపలికి లాక్కుని, బక్కెట్లో రాయిలా కూర్చుంది. గాలి తగిలినప్పుడు మాత్రం మెడ కొంచెం బయటికి వచ్చి, మళ్ళీ వెళ్ళిపోయింది. పైన తడి గోనె కప్పాం. స్కూటరు మీద బక్కెట్టును ఒళ్ళో పెట్టుకుని నాన్న వెనక కూర్చున్నాను.

"రోడ్డు మీద దొరికిందని చెప్తాను. నువ్వేం మాట్లాడొద్దు."

"నేనెప్పుడు మాట్లాడినాను నాయనా?"

ఆఫీసులో ఒక అధికారి గోనె తీసి చూశాడు. నాన్న దారంతా కూడబలుక్కున్నది అప్పజెప్పాడు.

"రోడ్డు మీదా? ఏ రోడ్డు?" అన్నాడు అధికారి తమిళంలో.

"బస్టాండు పక్కన సార్."

ఆయన పాచి మీద వేలితో గీసి, ఆ వేలు చూసుకున్నాడు. తరవాత నా వైపు చూశాడు. రోడ్డు మీద దొరికిందన్న మాట నమ్మితే, ఇది బయట తిరిగిన తాబేలే కదా అని తీసుకెళ్ళి ఏ చెరువులోనో వదిలేస్తారు. దీనికి గట్టు అంటే ఏమిటో తెలియదు. పైనుంచి ముద్ద పడకపోతే తిండి ఎలా వెతుక్కోవాలో కూడా తెలియకపోవచ్చు.

"మా బావిలోది సార్," అన్నాను. నా గొంతు నాకే కొత్తగా వినబడింది. "ఎన్నేళ్ళుగా ఉందో తెలీదు. అన్నం తింటుంది. ఎండ చూడలేదు."

నాన్న నన్ను పక్కింటి పిల్లను చూసినట్టు చూశాడు.

అధికారి గోనె మళ్ళీ కప్పాడు. "బావిలో ఇంకేమైనా ఉన్నాయా?"

"లేవు సార్," అన్నాం నాన్నా నేనూ ఒకేసారి.

"ఇంట్లో?"

"లేవు సార్."

నీళ్ళతొట్టిలో పెట్టి కొన్నాళ్ళు గమనించాకే వదులుతామన్నాడు. మా అడ్రసు రాసుకున్నాడు. ఒక రోజు వచ్చి చూసిపోతామని కూడా అన్నాడు. తిరిగి వచ్చేటప్పుడు నాన్న స్కూటరు వేగంగా నడిపాడు. ఒళ్ళో ఖాళీ బక్కెట్టు ఊగుతూ స్కూటరుకు తగులుతుంటే ఆ చప్పుడు వింటూ కూర్చున్నాను.

ఇంటికి వచ్చేసరికి వరండాలో కొత్త తొట్టి మూత సగం తీసి ఉంది. దాని పక్కన అవ్వ చతికిలబడి ఉంది. చేతిలో అన్నం ముద్ద.

టక్కుటక్కు. "రా తల్లీ, రా."

నేను వంగి చూశాను. సిమెంటు మూలలో, అరచేతి పాటి తాబేలు ఒకటి గోడను గీరుతోంది. నున్నటి గోడ. పైకి లేవడం, జారడం. లేవడం, జారడం. మేమటు వెళ్ళగానే చేపలక్క వచ్చిపోయిందన్నమాట.

"అమ్మా!" నాన్న స్కూటరుకు స్టాండు కూడా వేయడం మరిచిపోయాడు. "ఇంట్లో ఏమీ లేదని ఇప్పుడే ఫారెస్టోళ్ళకు చెప్పొచ్చినాను!"

"నువ్వు చెప్పేటప్పుడు లేకనే ఉండిందేమోలే. ఎందుకట్ల అరస్తావు?"

"వాళ్ళు వచ్చి చూస్తారంట!"

"వస్తే మూతేస్తాను."

నాన్న మెట్టు మీద కూలబడి తల పట్టుకున్నాడు. నేను అవ్వ ఎదురుగా కూర్చున్నాను. ఇన్ని రోజులు దొంగతనంగా చూసుకున్న మేమిద్దరం మొదటిసారి తిన్నగా చూసుకున్నాం.

"ఎందుకవ్వా?"

"ఎందుకంటే? మీకేం తెలుసు. నేను వచ్చినప్పుడు ఈ బావి రెండిండ్లకూ ఒకటే. మా బావగారు భాగాల కాడ మీ తాతతో కొట్లాడి, 'మీరు ఈ నీళ్ళు ఎట్ల తాగతారో చూస్తా'నని పోయినాడు. మూడు దినాలు నేను గుటక వేస్తే ఒట్టు. అప్పుడు మీ తాత తెచ్చి వేసినాడు. ఎవడన్నా ఏదన్నా కలిపితే ముందు అది తేలతాది. అది తిరగతా ఉంటే మనం తాగొచ్చు." తొట్టి వైపు గడ్డం చూపించింది. "ఇది యాడి నీళ్ళో ఎవరికి తెలుసు. పైపులో ఏమొస్తాదో ఎవరు చూసినారు?"

ఆ బావగారు పోయి చాలా కాలమైంది. ఆ పక్కిల్లు కూడా చేతులు మారింది. అవ్వ అనుమానం మాత్రం శుక్రవారం శుక్రవారం అన్నం తింటూ బతికే ఉంది.

"మూతేస్తే దీనికి చీకటే కదవ్వా."

"బావిలో మాత్రం ఏముండె?"

అంతకాలం ఆ చీకటిని ముచ్చటగా చూసినవాళ్ళలో నేనూ ఒకదాన్ని.

"అంటే, ఇది చస్తేనే నీకు తెలిసేది."

"అవును. అందుకే కదా వేసేది," అంది. ఆ గొంతులో తప్పు చేసినట్టు ఏమీ లేదు.

తొట్టిలో గోళ్ళ చప్పుడు ఆగలేదు. నాకు వాదించడం రాదు. నోటికి వచ్చింది అనేశాను. "నేను తాగుతాలే. దినామూ నీ ముందర నేను తాగి చూపిస్తా. దీన్ని వదిలెయ్."

అవ్వ నన్ను చాలా సేపు చూసింది. కనుబొమలు ముడిచి, బావి గట్టు మీద నుంచి చూసే ఆ చూపే.

"దినామూ?"

"దినామూ."

"ఒక పూట మానితే ఇంకోటి తెచ్చేస్తా, చూస్కో."

మర్నాడు చేపలక్కతో కలిసి బస్సులో వీరాంపట్టినం వెళ్ళాను. తాబేలు నా సంచిలో, తడి గుడ్డలో ఉంది. ఊరి వెనక కాలవ దగ్గర ఆమె ఆగింది. "ఇక్కడే పట్టినాను పాపా," అంది. ఆమె కళ్ళలోకి చూశాను. నిజమో కాదో తెలియలేదు. కాలవలో బురద ఉంది, గడ్డి ఉంది, వాలుగా గట్టు ఉంది. ఎండ నీళ్ళ అడుగుదాకా దిగుతోంది. కింద పెట్టగానే అది ఒక్క క్షణం కూడా ఆగకుండా నీళ్ళలోకి దూకేసింది. దానికి ఆ చోటు తెలిసినట్టే ఉంది. తిరిగి వచ్చేటప్పుడు నేను రెండుసార్లు వెనక్కి తిరిగి చూశాను, చేపలక్క దాన్ని మళ్ళీ పట్టకుండా నా వెనకే వస్తోందా లేదా అని. వస్తూనే ఉంది, నన్ను చూసి నవ్వుతూ.

కొన్ని వారాలకు అటవీ శాఖ నుంచి ఒకాయన వచ్చాడు. పెరడంతా చూశాడు. మూసిన బావి మీద నడిచి చూశాడు. తొట్టి మూత తీయించి టార్చి వేశాడు. నాన్న పక్కనే నిలబడ్డాడు. వెళ్ళబోతుంటే, పెద్ద తాబేలు ఎలా ఉందని అడిగాను. మొదట్లో నీళ్ళు దాటి బయటికి రాలేదనీ, ఇప్పుడు రాయెక్కి ఎండలో కూర్చుంటోందనీ చెప్పాడు. ఆ రాత్రి డైరీలో ఆ మాట రాసుకుని, చివర 'అన్నాడు' అని చేర్చాను.

ఇప్పుడు పొద్దున్నే అవ్వ తొట్టి నీళ్ళు చెంబుతో ముంచి, గ్లాసులో పోసి నా ముందు పెడుతుంది. నేను తాగుతాను. ఆమె ఎదురుగా కూర్చుని నా గొంతు కదలడం చూస్తుంది. తాగాక వెంటనే లేవనివ్వదు.

"కడుపులో ఎట్లుండాది?"

"బాగుండానవ్వా."

"కాసేపు ఉండు. యాడికి పోతావు?"

కూర్చుంటాను. వీధి గుమ్మంలోంచి వచ్చిన ఎండ వరండా దాటి, నా పాదాల దాకా వస్తుంది. అప్పుడు అవ్వ తన గ్లాసు ఎత్తుతుంది.