నా గోత్రం, ఆయన మోచెయ్యి

మా జట్టు ఈసారి బాగుపడుతుందని నేను ప్రతి మార్చిలోనూ చెబుతాను. జూన్ వచ్చేసరికి ఆ మాట ఎవరన్నారో నాకు గుర్తుండదు.

మా జట్టంటే అమెరికాలో ఒక బేస్‌బాల్ జట్టు. నేను ఆ దేశం మొహం కూడా చూడలేదు. చదువుకోసం సింగపూర్ వచ్చిన కొత్తలో, క్లెమెంటి ఫ్లాట్‌లో టిఫిన్ తింటూ చూడడానికి లైవ్‌లో దొరికిన ఆట అదొక్కటే. అక్కడి రాత్రి మనకి ఇడ్లీల వేళ. టోపీ రంగు నచ్చి జట్టును ఎంచుకున్నాను. వాళ్లు ఏటా అట్టడుగునే ఉంటారని తెలిసేసరికి టోపీ కొనేశాను.

ఈ ఏడు మాత్రం నా ఆశకి కారణం ఉంది. మా జట్టులో బంతి విసిరేవాళ్లలో పనికొచ్చేవాడు ఒక్కడే. మోచేతికి ఆపరేషనై నిరుడంతా ఆడలేదు, ఇప్పుడు తిరిగొస్తున్నాడు. ఆయన చెయ్యి నిలబడితే మేం ఆఖరివాళ్లం కాము. ఆఖరికి ముందువాళ్లం అవుతాం. నా ఆశ అంతవరకే.

మోచేతి నొప్పి ఏమిటో నాకూ తెలుసు. వన్-నార్త్‌లోని ల్యాబ్‌లో రోజంతా చుక్కలు కొలిచే పిపెట్ నొక్కీ నొక్కీ నా కుడి మోచెయ్యి కూడా పట్టేసింది. ఆయన మోచెయ్యి పేపర్లో పడుతుంది. నాది నేను చెబితేగాని ఎవరికీ తెలియదు కనక తరచుగా చెబుతుంటాను. దానివల్ల ఒక లాభమూ ఉంది. నా రూమ్మేట్‌ది గుంటూరు. ఆదివారం పొద్దున క్రికెట్ ఆడే టీమొకటి నడుపుతాడు, దానికి పదకొండో మనిషి ఎప్పుడూ దొరకడు. అదే వేళకి నా బేస్‌బాల్ వస్తుంది. వాడు అడిగినప్పుడల్లా నేను మోచెయ్యి పట్టుకుని మూలిగేవాణ్ణి.

సీజన్ దగ్గరపడ్డాక ఒక శనివారం కూరగాయల కోసం ఇద్దరం లిటిల్ ఇండియా వెళ్లాం. దారిలో గుడి కనబడగానే నాకు భక్తి పుట్టింది. అర్చన టికెట్ తీసుకుని వరుసలో నిలబడ్డాను.

"ఎవరికి రా?" అన్నాడు రూమ్మేట్.

"మావాడి మోచేతికి."

"నీ మొహం చూసి దేవుడు నవ్వకుండా ఉంటే చాలు."

మా వంతు వచ్చింది. పూజారిగారు తెలుగాయనే. పేరడిగితే మావాడి పేరు చెప్పాను. ఆయన రెండుసార్లు చెప్పించుకున్నారు.

"గోత్రం?"

చిన్నప్పటినుంచీ ఆ ప్రశ్న వినబడితే నా నోరు నన్నడగదు. "భారద్వాజస" అనేసింది.

"నక్షత్రం?"

"పుబ్బ."

అదీ నాదే. పూజారిగారు భారద్వాజస గోత్రోద్భవస్య అంటూ మొదలుపెట్టి, చివర్లో ఆ అమెరికా పేరు దగ్గర కాస్త తడబడి, ముగించారు. బయటికొచ్చి కొబ్బరిచిప్ప పట్టుకున్నాక గాని నేనేం చేశానో నాకు తట్టలేదు.

"గోత్రం తెలియనోళ్లకి కాశ్యప అని చెప్పాలి గదరా! మొత్తం నీ అడ్రస్ ఇచ్చి పైన వాడి పేరు రాశావు."

"దేవుడు పేరు చూస్తాడు లేరా."

ఆ వారంలోనే మావాడి మోచెయ్యి మళ్లీ వాచింది. మొదటి ఆటకి ఉంటాడో లేదో చెప్పలేమన్నారు. ఆ వార్త చదివినప్పుడు నేను మార్కెట్ నుంచి వస్తూ లిఫ్టులో ఉన్నాను. కుడిచేతిలో పది కిలోల బియ్యం బస్తా ఉంది. పక్కనే రూమ్మేట్.

వాడు బస్తాను చూశాడు, నా చేతిని చూశాడు.

"నొప్పిగా లేదేంట్రా మావా?"

లేదు. ఎన్నాళ్లనుంచి లేదో కూడా గమనించలేదు. మెల్లగా బస్తా దించి మోచెయ్యి పట్టుకున్నాను గాని, అప్పటికే ఆలస్యమైంది.

"ఆదివారం ఏడింటికి" అన్నాడు వాడు.

శనివారం ఒక్కణ్ణే మళ్లీ గుడికి వెళ్లాను. ఈసారి కాశ్యప అనే చెప్పాను. నక్షత్రం తెలియదని ఒప్పుకున్నాను. కావాలంటే నా నొప్పి నాకిచ్చేసి, ఆయన చెయ్యి బాగుచేయమని దణ్ణం పెట్టుకున్నాను. ఇందులో త్యాగమేమీ లేదు. నొప్పి వస్తే ఆదివారాలు నావి.

మర్నాడు లేవగానే మంచం మీదే మోచెయ్యి మడిచి చూశాను. చాచి చూశాను. దిండును గోడకేసి విసిరి చూశాను. వెన్నలా తిరిగింది.

ఆ చప్పుడుకి తలుపు తెరుచుకుంది. రూమ్మేట్ తెల్లటోపీ ఒకటి నా మీదకి విసిరాడు. తప్పించుకోవాల్సింది. నొప్పి లేని చెయ్యి కదా, పట్టేసుకుంది.

"క్యాచ్ కూడా పడుతున్నావే! పద" అన్నాడు.

ఫోన్ తీసి చూశాను. మావాడి గురించి కొత్త వార్తేమీ లేదు. వార్త లేదంటే మంచిదే. సీజన్ ఇంకా మొదలవలేదు కదా. ఆ లెక్కన మేం ఇప్పటికి ఆఖరివాళ్లం కాము.