ఇరవై నిమిషాలంటే ఎంత?

1959. ఆంధ్రప్రదేశ్ ఏర్పడి మూడేళ్లు. అప్పట్లో కర్నూలు జిల్లాలో ఉన్న మార్కాపురం తాలూకాలో, కొత్తగా పెట్టిన ఆరోగ్య కేంద్రంలో నేను మిడ్‌వైఫ్‌ని, అంటే పురుళ్లు పోసే నర్సుని. పల్లెలు తిరిగి ఉపన్యాసాలు ఇవ్వడం కూడా నా పనే.

ఒక పాలెంలో ఆడవాళ్లంతా బుద్ధిగా వచ్చి కూర్చునేవారు. బ్లేడుని ఇరవై నిమిషాలు నీళ్లలో మరిగించాలి, దాన్నే స్టెరిలైజ్ చేయడం అంటారు, ఆ బ్లేడుతోనే బొడ్డు కోయాలి, లేకపోతే బిడ్డకు టెటనస్, అంటే ధనుర్వాతం వస్తుందని నోరు నొప్పి పుట్టేలా చెప్పేదాన్ని. ఒక్కరూ కిమ్మనేవారు కాదు. మంత్రసాని మరియమ్మయితే మోకాళ్ల మీద గడ్డం ఆనించి నేలచూపులు చూసేది. గోడకు చెప్పినా ఇంతే కదా అని విసుక్కుంటూ బండెక్కేదాన్ని. రిజిస్టరులో 'సామూహిక విద్య' అని రాయడానికి సిగ్గేసేది. నేనొక్కదాన్నే వాగుతుంటే అందులో సామూహికం ఏముంది?

మరియమ్మ కోడలు రూతమ్మకు అంతకుముందు ఇద్దరు బిడ్డలు పుట్టి, పదిరోజులు నిండకుండానే దవడలు బిగుసుకుని పోయారు. మూడో కాన్పుకి నన్ను తప్పక పిలవమన్నాను. పిలిచారు గానీ, నేను చేరేసరికే ఆడపిల్ల పుట్టింది, బొడ్డు కోయడమూ అయిపోయింది.

"దేంతో కోశావత్తా?" మరియమ్మని అరిచినట్టే అడిగాను.

"బ్లేడుతోనే నర్సమ్మా. నువ్వు చెప్పినట్ల ఇరవై నిమిషాలు ఉడకబెట్టినా."

"గడియారం ఏది?"

"మాకేడిదమ్మా గడియారం! నువ్వు పోయినాక ఇరవై నిమిషాలంటే ఎంతని కొట్లాడుకున్నాం. మా శాంతమ్మ పలకల కార్ఖానాకు కూలికి పోతాది. ఆడ గోడ గడియారం చూసుకుంటా మా చర్చి గుళ్లో పాడే పాట ఒకటి పాడి చూసింది. ఐదుసార్లు పాడితే ఇరవై నిమిషాలంట."

"భయానికి ఆరుసార్లు పాడినాం" అంది పక్కనే ఉన్న శాంతమ్మ.

"ఆ రోజే నన్ను అడగొచ్చుగా?"

"చదువుకున్నదానివి చెప్తా ఉంటే మధ్యలో అడ్డమొస్తే ఏం బాగుంటాది తల్లీ?" అంది మరియమ్మ. "నువ్వు పోయినాక నీ మాటలన్నీ అప్పజెప్పుకుంటాం. ఒకరు మరిస్తే ఇంకొకరు అందుకుంటారు."

ఆ పాలెంలో గడియారం లేదన్న సంగతి అప్పటిదాకా నాకు తట్టనే లేదు.

పదకొండో రోజు వెళ్లేసరికి పసిది గుక్కపట్టి ఏడుస్తోంది. ఎత్తుకోబోతే రూతమ్మ ఆపింది.

"కాసేపు ఏడవనీ అక్కా. నోరు తెరిచి ఏడుస్తా ఉంటే ఇనాలని ఉంది."

నేనూ పక్కనే కూర్చుని విన్నాను.

ఉపన్యాసం వినడం కలిసి నేర్చుకోవడమేనా అని ఎవరైనా అడిగితే, అది అయ్యాక విన్నవాళ్లు ఏం చేస్తారో చూడమంటాను. ఆ తర్వాత నేను బండెక్కడానికి తొందరపడలేదు. చెప్పడం అయ్యాక వాళ్ల మధ్యే కూర్చునేదాన్ని. మొదట్లో నేనుంటే నోరు విప్పేవారు కాదు. మూడోసారి కాబోలు, మరియమ్మ తలెత్తి, "నర్సమ్మా, ఈ పొద్దు నువ్వు చెప్పింది మాకు కుదరదు" అంది. ఆ ఉద్యోగంలో నాకు దక్కిన మొదటి మెచ్చుకోలు అదే.