తలగడ పరీక్ష

మా అక్క ఎడమచెయ్యి ఏడాదిన్నరగా మండుతోంది. అది నిజమని నాకు తెలిసి నాలుగు నెలలే అయింది. మధ్యలో పోయిన కాలానికి బాధ్యుణ్ణి నేనే.

మాది తమిళనాడులో కడత్తూరు పక్కన చిన్న ఊరు. నేను హరూరులో ఒక ప్రైవేటు బడిలో ఫిజిక్సు చెబుతాను. అక్కా, బావా మా పక్కింట్లోనే ఉంటారు. వాళ్ళకు కొంచెం మెట్ట, ఆరు చింతచెట్లు. కాయలు దిగిన కాలంలో అక్క వాకిట్లో కూర్చుని, ఎడమచేత్తో చింతపండును రాతిమీద పట్టుకుని, కుడిచేత్తో ఇనుప కడ్డీ ఎత్తి కొట్టి గింజలు తీస్తుంది. ఊళ్ళో ఆడవాళ్ళందరూ చేసే పనే.

ఏడాదిన్నర కిందట సరిగ్గా ఆ రోజుల్లోనే మా వీధి చివర సెల్ టవరు లేచింది. ఆ నెలలోనే అక్క చెయ్యి మండడం మొదలైంది. రెంటినీ అక్క కలిపేసింది. ఆమెను తప్పుపట్టలేం. మా ఊళ్ళో తల పైకెత్తి చూడాల్సిన వస్తువు అదొక్కటే.

పైగా ఫోన్లో వీడియోలు చూసింది. ఫోను కిరణాలు ఎంత ప్రమాదమో ఆమెకు చెప్పింది ఫోనే. సత్తు, అంటే అల్యూమినియం, వాటిని ఆపుతుందని చెప్పిందీ అదే. అప్పట్నుంచి అక్క ఖాళీ దొరికితే చాలు, ఎడమచేతిని ఒక పెద్ద సత్తు గిన్నెలో పెట్టుకుని కూర్చునేది. ఇంట్లోకి ఫోను రానిచ్చేది కాదు. బావ తన ఫోనును గొడ్ల కొట్టంలో పెట్టుకునేవాడు. “ఆవు పాలు తగ్గించింది రా,” అనేవాడు నాతో, మొహంలో నవ్వన్నది లేకుండా.

“ఏమక్కా, చెయ్యి ఉడికిందా? దించేదా?” అని నేను రోజూ పలకరించేవాణ్ణి.

“నీకు మండితే తెలుస్తుంది లేరా,” అనేది.

టవరు నుంచి వచ్చే ఆపాటి కిరణాలకు చెయ్యి మండదని చాక్‌పీసుతో నేలమీద బొమ్మ గీసి మరీ చెప్పాను. నేను చెప్పింది నిజమే, ఇప్పటికీ నిజమే. దానివల్ల ఎవరికీ ఏమీ ఒరగలేదు, అంతే.

మా పాపకు తీర్థమలై గుడిలో చెవులు కుట్టించాలని రోజు పెట్టుకున్నాం. దానికి నాలుగు రోజుల ముందు ఒక పాత బటన్ ఫోను సంపాదించి, దాని నోరు నొక్కేసి, అక్క తలగడ కుట్టు విప్పి దూదిలోకి తోసి మళ్ళీ కుట్టేశాను. కిరణాలకు లోటు రాకూడదు కదా, బడినుంచి గంటకోసారి ఆ నంబరుకు ఫోను చేసేవాణ్ణి. ఎత్తేవాళ్ళు లేకపోయినా విసుగు లేకుండా చేస్తున్నానని తోటి మాస్టర్లు నా కాపురం గురించి బెంగపడ్డారు.

కొండ కింద సత్రంలో భోజనాలయ్యాయి. మా చుట్టాల్లో నాకు హాస్యగాడన్న పేరుంది. నేను లేచి నిలబడితే చాలు, ముందుగానే నవ్వడానికి సర్దుకుని కూర్చుంటారు.

“అక్కా, ఈ నాలుగు దినాలు చెయ్యి ఎట్ల ఉంది?” అన్నాను.

అక్క చుట్టూ ఉన్నవాళ్ళను చూసింది. ఒళ్ళో పాపను చూసింది. నవ్వింది.

“తక్కువగా ఉంది రా.”

“నిజంగానా?”

“నిజంగానే.”

పాపను పడుకోబెట్టాలన్న సాకుతో ఆ తలగడను సత్రానికి తెప్పించి ఉంచాను. బ్లేడుతో కోసి, దూదిలోనుంచి ఫోను తీసి, జేబులోని ఫోనుతో దానికి చేశాను. అందరి ముందూ అది చిన్నగా వెలిగింది.

“నాలుగు రాత్రులు దీనిమీదే పడుకున్నావు అక్కా.”

నా జన్మలో అంత నవ్వు నాకు ఎప్పుడూ దొరకలేదు. “ఓసి నీ జబ్బు పాడుగాను! దీనికేనా అంత రాద్ధాంతం?” అంది పిన్ని కళ్ళు తుడుచుకుంటూ. “ఇంక ఆ గిన్నెలో రసం కాచమ్మా, నాలుగు మెతుకులు తింటాము,” అన్నాడు మామ ఒకాయన.

అక్క నేలమీద పడిన దూదిని కుడిచేత్తో ఏరి తలగడలోకి కుక్కింది. ఇంటికి వెళ్ళాక ఆ గిన్నెను చింతపండు వేసి తళతళా తోమి వంటలోకి వాడుకుంది. బావ ఫోను కొట్టం వదిలి ఇంట్లోకి వచ్చింది. చెయ్యి ఎలా ఉందని ఎవరడిగినా “బాగుంది” అనేది. నేను వైద్యం చేశానని ఊరు నమ్మింది. ఒకాయన తన అత్తగారికి కూడా ఏదైనా పరీక్ష చేయమని వచ్చాడు.

ఫోను కారణం కాదని తేలింది. అయితే మరి కారణమేమిటి? తొమ్మిదో తరగతి పిల్లవాడు కూడా ఆ తర్వాతి ప్రశ్న అడుగుతాడు. అడిగితే నేను మార్కులు కూడా వేస్తాను.

ఎనిమిది నెలలు అక్క ఎడమచెయ్యి పైటచెంగు కిందే ఉండిపోయింది. ఒకనాడు మేకపిల్ల ఒకటి ఆ చేతికి ఒళ్ళు రాసుకుంటూ పోయింది. అక్క వాకిట్లోనే విరుచుకు పడిపోయింది. బావ వచ్చి మా గుమ్మంలో నిలబడ్డాడు.

“రా బామ్మర్దీ. నీ టెస్టుకు రిజల్టు వచ్చింది, చూద్దువు.”

వెళ్ళి చూశాను. వేళ్ళు లోపలికి ముడుచుకుపోయాయి. చర్మం నున్నగా, నేరేడుపండు రంగుకు తిరిగి మెరుస్తోంది.

ధర్మపురిలో నొప్పులకు వైద్యం చేసే ఒక డాక్టరు దగ్గరికి తీసుకుపోయాం. ఎప్పుడు మొదలైందని ఆయన తమిళంలో అడిగాడు. అక్క టవరు అనబోయి, నా వైపు చూసి, మాట మార్చింది. “చింతపండు కొట్టే కాలంలో.”

“అప్పుడు చేతికి దెబ్బేమైనా తగిలిందా?”

“కడ్డీ జారి ఒకసారి మణికట్టుమీద పడింది. అది అందరికీ పడేదే సార్.”

డాక్టరు కలం కింద పెట్టాడు. దెబ్బకు నరం చెడిందట. దెబ్బ ఎప్పుడో మానినా, ఇంకా తగులుతూనే ఉన్నట్టు నరం కేకలు పెడుతోందట. గాలి సోకినా దానికి దెబ్బేనట. “మొదట్లోనే వచ్చి ఉంటే మా పని తేలికయ్యేది. ఇన్నాళ్ళు ఎందుకు ఊరుకున్నారు?”

“తమ్ముడు టెస్టు చేసినాడు సార్. ఏమీ లేదని వచ్చింది,” అంది అక్క. ఆ గొంతులో ఎత్తిపొడుపు రవ్వంత కూడా లేదు. ఉంటే బాగుండేది.

“ఏ ల్యాబులో?” అని డాక్టరు నన్ను అడిగాడు. నేను ఫ్యాను రెక్కలు లెక్కపెట్టాను. మూడున్నాయి.

మాత్రలు, చేతికి కసరత్తు, మళ్ళీ మాత్రలు అయ్యాయి. నొప్పి పదికి ఎంతంటే తొమ్మిది అనేది అక్క. చివరికి కెటమిన్ అన్నాడు డాక్టరు. ఆపరేషన్లకు మత్తిచ్చే మందే, కొద్ది మోతాదులో సన్నగా గంటల తరబడి ఎక్కిస్తారు. “కొందరికి నరం శాంతిస్తుంది, కొందరికి శాంతించదు. లోపల మందున్నంతసేపు ఏవేవో మాట్లాడతారు, భయపడకండి. అయ్యాక నొప్పి ఎంతో ఆమే చెప్పాలి. తగ్గితే ఇంటికి పంపిస్తా. తగ్గకపోతే ఇంకా నాలుగు రోజులు వరుసగా ఎక్కిస్తా.”

ఎక్కించిన రోజు బావ బయట కూర్చున్నాడు. నన్ను మంచం పక్కన ఉండనిచ్చారు. గంట గడిచాక అక్క కళ్ళు మూసుకునే మాట్లాడసాగింది. ఆసుపత్రిలో అడుగుపెట్టినప్పటినుంచి అందరితో చక్కగా తమిళం మాట్లాడిన మనిషి. మందు ముందుగా ఆ తమిళాన్నే పట్టుకుపోయింది. మిగిలింది ఇంటి మాట.

“పాప చెవులు కుట్టే దినము... అంతమంది కూర్చున్నారు... మండతాదని ఎట్ల చెప్పేది?”

“ఏమంటున్నారు సార్?” అంది తెలుగు రాని నర్సు.

“నీళ్ళు అడుగుతోంది.”

“ఇప్పుడు ఇవ్వకూడదు.”

“చెప్తాను.”

“నాలుగు రాత్రులు కన్ను మూయలేదు,” అంది అక్క. “వాడు అడిగినాడు... నవ్వతా అడిగినాడు...”

“మళ్ళీ నీళ్ళేనా?”

“ఆఁ.”

నాలుగు రాత్రులపాటు నేను కొలిచింది కిరణాలను కాదన్నమాట, మా అక్క మర్యాదను. కొలత మాత్రం తప్పు పోలేదు.

మందు దిగాక డాక్టరు వచ్చాడు. వెంట ఇద్దరు చిన్న డాక్టర్లు, నర్సు, తలుపు దగ్గర బావ. “ఏమ్మా, పదికి ఎంత?”

అక్క చుట్టూ ఉన్నవాళ్ళను చూసింది. ఇంతమంది తన కోసం నిలబడి ఉన్నారు. నవ్వింది. ఆ నవ్వు నేను తీర్థమలైలో చూశాను.

“తక్కువగా ఉంది సార్. మూడు.”

డాక్టరు బావ భుజం తట్టి, పొద్దున ఇంటికి తీసుకుపొమ్మన్నాడు. నేను వరండాలో ఆయన వెంటపడ్డాను.

“సార్, అది నిజం కాదు.”

“మీకెలా తెలుసు?”

“మా అక్క మర్యాదస్తురాలు సార్.”

ఆయన నవ్వాడు. “మేము పేషెంటు మాటే నమ్ముతాం సార్. మీరు కూడా మొదట్నుంచీ నమ్మి ఉండాల్సింది. ఆమె తన నోటితో చెబితే రేపు మళ్ళీ ఎక్కిస్తాను. మీరు చెబితే కాదు.”

గదిలోకి వచ్చేసరికి బావ టీ తాగడానికి వెళ్ళాడు. అక్క ఒక్కతే కూర్చుని ఉంది. సంచిలోంచి పెరుగన్నం తెచ్చిన గిన్నె తీసి, కడిగి, తుడిచి, ఎడమచెయ్యి అందులో పెట్టుకుంది. అదే సత్తు గిన్నె. పైన ఫ్యాను తిరుగుతోంది, కొంగు ఎగురుతోంది, దుప్పటి అంచు కదులుతోంది. గిన్నె లోపలికి మాత్రం అవేవీ పోవడం లేదు. కిరణాల సంగతి పక్కనపెడితే ఆ గిన్నె తన పని తాను చేస్తూనే ఉంది. ఫిజిక్సు మాస్టరుకు అది కనబడడానికి ఏడాదిన్నర పట్టింది.

నా ఫోను తీసి బయట కిటికీమీద పెట్టి వచ్చాను. తలుపు మూశాను.

“ఎవరూ లేరక్కా. ఇప్పుడు చెప్పు.”

అక్క తలుపును చూసింది. నన్ను చూసింది. తర్వాత కుడిచేత్తో ఆసుపత్రి తలగడను ఈ కొసనుంచి ఆ కొసదాకా, పండులో గింజకోసం తడిమినట్టు, నింపాదిగా ఒత్తి ఒత్తి చూసింది. లోపల ఏమీ దొరకలేదు.

“తొమ్మిది రా,” అంది.