మూడో మాత్ర

నోరు మంచిదైతే ఊరు మంచిదంటారు. నాది అంత మంచి నోరు కాదు. సత్యవేడు పక్కన మా పల్లెలో పదేళ్లుగా అందరినీ తిట్టి మందులు మింగించే ఆశా వర్కర్ గ్రేసీని నేనే. తిట్టకుండా వదిలేసింది ఒక్క తిరుమలమ్మత్తనే. తప్పంతా అక్కడే జరిగింది.

అత్తకు మొగుడు పోయి పన్నెండేళ్లు. పిల్లల్లేరు. ఉన్నదల్లా ఒక ఆవు. నుదుట తెల్లమచ్చ ఉందని బొట్టావు అని పిలిచేది. రేకుల ఇంట్లో ఒక పక్క ఆమె మంచం, ఇంకో పక్క ఆవు. మధ్యలో గోడ కూడా లేదు. పాలు పితికి, నురుగు తగ్గకముందే ఒక గ్లాసు తాగేది. కాచి తాగమంటే, "పొదుగులోనే వేడిగా ఉండాయి, మళ్లీ పొయ్యెందుకు మే?" అని నవ్వేది.

పోయినేడు ఆమెకు టీబీ అని తేలింది. నా నోట ఆ మాట బయటికి రాలేదు, అయినా ఊరికి తెలిసిపోయింది. పాలు పోయించుకునేవాళ్లు మానేశారు. ఆ వాకిట్లో అడుగుపెట్టే మనిషిని నేనొక్కదాన్నే మిగిలాను. రోజుకు మూడు మాత్రలు, ఆరు నెలలు. నా కళ్లముందే మింగించాలి. బుద్ధిమంతురాలు కదా అని వారానికి సరిపడా చేతిలో పెట్టి వచ్చేసేదాన్ని. ఖాళీ అట్టలు దాచిపెట్టి చూపించేది. నేను మెచ్చుకునేదాన్ని కూడా.

ఐదో నెలలో దగ్గు తిరగబెట్టింది. తిరుపతి తీసుకుపోయాను. తెమడ పరీక్ష చూసి డాక్టరమ్మ, పాత మందు ఈ క్రిమి మీద పనిచేయడం లేదంది.

"మాత్రలేమన్నా తప్పినారా?"

"ఒక్కరోజు తప్పలేదమ్మా" అంది అత్త. నేనూ సాక్ష్యం చెప్పాను.

తిరుగు బస్సులో, కిటికీలోంచి చూస్తూ చెప్పింది. "దినామూ రెండు నేను మింగినాను. మూడోది సంగటి ముద్దలో పెట్టి బొట్టావుకు తినిపించినాను. అదీ నా మాదిరే దగ్గతా ఉండాది, సిక్కి సగమైపోయింది. నన్ను అడిగేదానికి నువ్వన్నా ఉండావు. దాన్ని ఎవురడిగినారు మే?"

తిడదామని నోరు తెరిచాను. కానీ కోపమంతా నా మీద నాకే వచ్చింది.

పశువుల డాక్టరు టీబీ పరీక్షకని ఆవు మెడకు సూది వేసి, మూడో రోజు వచ్చి వాపు కొలిచాడు. దానికీ ఆ జబ్బే. ఆవు నుంచి మనిషికి వచ్చిందో, మనిషి నుంచి ఆవుకు పోయిందో ఇంకా పరీక్షల్లో తేలాలన్నాడు. మూడో మాత్ర సంగతి చెప్పాక ఇట్లా అన్నాడు: "అరకొర మందు క్రిమిని చంపదమ్మా, రాటుదేలుస్తుంది. అట్లాంటిది పచ్చిపాలలో ఇంకో ఇంటికి పోతే, ఆ ఇంటి బిడ్డకు కూడా మామూలు మందు పనిచేయదు."

అత్త ముఖం పాలిపోయింది. ఆమె మునుపు పాలు పోసిన ఇళ్లన్నీ తిరిగి పిల్లలకు పరీక్షలు చేయించాను. ఎవరికీ లేదు. ఆ సంగతి చెప్పినప్పుడు వెక్కివెక్కి ఏడ్చింది. అంతవరకూ ఆమె ఏడవగా నేను చూడలేదు.

ఆవును చేను చివర పాకలో వేరుగా కట్టించారు. అత్త దాని దగ్గరికి పోకూడదు. అది అక్కడ అరిస్తే ఈమె ఇక్కడ కొంగు నోట్లో కుక్కుకునేది. వానలు మొదలయ్యేసరికి బొట్టావు చచ్చిపోయింది. లోతుగా గుంత తీసి, సున్నం చల్లి పూడ్చారు. అత్త దూరంగానే నిలబడి చూసింది. ఆ ఇంట్లో ఇప్పుడు సగం ఖాళీ. అయినా మంచం మాత్రం ఆ పక్కకు జరపలేదు.

కొత్త మందులు మొదలుపెట్టారు. ఇవీ పనిచేయకపోతే ఏమిటన్నది నేను చెప్పలేదు, ఆమె అడగలేదు. రోజూ పొద్దున్నే పోయి ఎదురుగా కూర్చుంటాను. నిన్న అరచేతిలో మాత్రలు పోశాను. అందులోంచి ఒకటి తీసి, మంచం పట్టె మీద పక్కన పెట్టింది.

"అత్తా, అదీ నువ్వే మింగాల."

"తెలుసు మే" అంది. "చేతికే ఇంకా తెలీలేదు."

ఆ మాత్ర కూడా తీసుకుని మింగింది. నేను అడగకముందే నోరు తెరిచి చూపించింది.